తీగ కోసేసిన గంట

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లు మంట. మా అవ్వ సాయంత్రం పూట మొదలుపెడితే లేచి వంటింట్లోకి పోయేదాన్ని. పెళ్లయినాక మా అత్తగారింట్లో పెరట్లో మునీశ్వరుడు తిరుగుతాడని చెప్పినారు. తిరగనీ, నాకేం, దోసెపిండి రుబ్బిపెడతాడా అని అడిగినాను. ఆ పొద్దు నుంచి నా దగ్గర ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

అట్లాంటిదాన్ని ఇప్పుడు నేనే కూర్చొని ఇది రాయాల్సి వచ్చింది. భయపడి రాయడం లేదు. కోపంతో రాస్తున్నాను. చదివినాక మీరు దేనికి ఆశ్చర్యపోతారో నాకు తెలుసు. నాకు కోపం వచ్చింది ఆ సంగతికి కాదు, ఆ పక్కదానికి. అదీ చెబుతాను.

మాది కోయంబత్తూరు. తాతల తాతల కాలంలో వచ్చి ఈడ నిలిచిన కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పనిలో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు నేను పెద్దయినాక నా కూతురితో పాటు కూర్చొని నేర్చుకున్నాను. నా తెలుగులో అరవం కలిసిందని నవ్వేవాళ్లు నవ్వుకోండి.

నేను పనిచేసేది ఒక టెస్టింగ్ ల్యాబులో. మా ఊళ్లో మోటార్లు, పంపులు, మిక్సీలు, గ్రైండర్లు తయారుచేసేవాళ్లు వీధికొకరు ఉంటారు. ఆ సామాను అంగడికి పోయేముందు మా దగ్గరికి వస్తుంది. ఎంత చప్పుడు చేస్తుందో కొలుస్తాము. ఆన్ చేస్తే పక్కనున్న టీవీనీ ఫోనునీ చెడగొట్టే అలలు ఏమైనా వదులుతుందా అనీ కొలుస్తాము.

ఈ రెండూ కొలవాలంటే బయటి చప్పుడు లోపలికి రాకూడదు, బయటి సిగ్నలూ రాకూడదు. దానికోసం ఒక గది ఉంది. గది అంటే ఉక్కు రేకులతో చేసిన పెద్ద పెట్టె అనుకోండి. లోపల గోడలకీ కప్పుకీ రంపం పళ్ల మాదిరి నల్లటి మెత్తటి దిమ్మలు అంటించి ఉంటాయి. నేల మీద కూడా అవే, వాటి పైన నడవడానికి బిగించి కట్టిన తీగల వల. లోపల నిలబడి మాట్లాడితే మాట నోటి దగ్గరే చచ్చిపోతుంది. కాసేపు గమ్మున ఉంటే మన గుండె కొట్టుకునేది మనకే వినబడుతుంది. ఫోను తీసుకొనిపోతే తలుపు మూసిన మరుక్షణం సిగ్నలు గీతలన్నీ పోతాయి.

తలుపు కూడా ఉక్కుదే. గాలి ఒత్తిడితో మూసుకుంటుంది, బయట ఒక మీట నొక్కాలి. దాని అంచు చుట్టూ వేళ్ల మాదిరి పలచటి రాగి పట్టీలు వరసగా ఉంటాయి. తలుపు మూస్తే అవి చట్రానికి గట్టిగా ఆనుకోవాలి. ఆ రాగి మీద కొంచెం మురికి పట్టినా సిగ్నలు లోపలికి దూరుతుంది. గది కారుతోంది అంటాము మేము.

ఇంత గదిలో ఎవరైనా చిక్కుకుంటే ఎట్ల? కట్టినవాళ్లు దానికీ దారి పెట్టినారు. లోపల తలుపు పక్కన ఒక ఎర్ర మీట, బయట వరండా గోడ మీద ఒక గంట. రెండిటికీ మధ్య గోడలోంచి ఒక తీగ. ఆ తీగ వెంబడి అలలు రాకుండా ఫిల్టరు కూడా బిగించినారు. ప్రతి పొద్దున మీట నొక్కి గంట మోగుతుందా అని చూసేవాళ్లం.

అదంతా ఆయుధపూజ వరకే.

మా ఓనరుని మేము ముదలాళి అని పిలుస్తాము. ఆయనదీ తెలుగిల్లే, దూరపు బంధువు కూడా. చదువుకున్న మనిషి. ఆ ఏడు ఆయుధపూజకి మోటార్లకీ మీటర్లకీ గంధం కుంకుమ పెట్టినాము, అది ఊరంతా చేసేదే. ముదలాళికి భక్తి ఎక్కువయింది. ఆ ఉక్కు తలుపు తెరిచి, రాగి పట్టీల పొడుగునా తన చేతితోనే గంధం పూసి, వేలికి వేలికి కుంకుమ బొట్టు పెట్టినాడు. గుమ్మానికి పసుపు పెట్టినట్టు. నేను ఆ పొద్దు సెలవులో ఉన్నాను. ఉండుంటే చెయ్యి పట్టుకొని ఆపేదాన్ని.

పండగ అయి మళ్లీ పని మొదలుపెడితే గది కారుతోంది. ఏ సామాను పెట్టినా కొలతలు తప్పు. కస్టమర్లు అరుస్తున్నారు. తలుపు తెరిచి చూస్తే రాగి మీద గంధం ఎండి పెచ్చు కట్టి ఉంది. ముదలాళీ, ఇది గంధం వల్లే అన్నాను. ఆయన మొహం చూడాలి, నేనేదో సామిని తిట్టినట్టు!

"అమ్మిణీ, పూజ చేసిన గంధం మీద పడతావేమిటికి? గోడలోంచి ఆ గంట తీగ పోతోంది చూడు, దాని వెంబడే వస్తోంది" అన్నాడు. అమ్మిణి నా పేరు కాదు, మా ఊళ్లో ఆడపిల్లల్ని పిలిచే మాట.

ఫిల్టరు ఉందని చెప్పినాను, పండగ ముందుదాకా ఇదే తీగతో సరిగ్గా వచ్చింది కదా అని చెప్పినాను. గోడకి చెప్పినా వినేదేమో. మరుసటి రోజు ఎలక్ట్రీషియన్ని పిలిపించి తీగ కోయించినాడు. లోపలి ఎర్ర మీట పీకించి, ఆ బొక్క మీద రాగి రేకు పెట్టి అతికించినాడు. గంటకి కరెంటు ఇచ్చే ఫ్యూజు తీసి తన సొరుగులో వేసుకున్నాడు. గంట డబ్బా మాత్రం గోడ మీదే వదిలేసినారు, తీస్తే సున్నం పెచ్చు ఊడుతుందని. కోసిన తీగ కొనలు టేపు చుట్టుకొని కింద వేలాడేవి. ఊడ్చి తుడిచే మేరీ తన గొడుగు దానికి తగిలించేది.

ఆ సాయంత్రమే నేను స్పిరిటు తెచ్చి, రాగి వేళ్లన్నీ ఒక్కొక్కటిగా తుడిచినాను. మరుసటి పొద్దున కొలతలు సరిగ్గా వచ్చినాయి. ముదలాళి ఏమన్నాడో తెలుసా? "చూసినావా, తీగ తీసేస్తే ఎట్ల కుదిరిందో!"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎన్నిసార్లు చెప్పినా అదే మాట.

ఇంక మా మామ సంగతి. రంగసామి మామ, మా అమ్మకి సొంత తమ్ముడు. ఈ ల్యాబులో నాకంటే ముందు నుంచి ఉన్నాడు. గది లోపల మైకులు నిలబెట్టడం, సామాను సరిచూడడం ఆయన పని. వాగుడుకాయ మనిషి. ఆయన ఉంటే ఆ గదిలో కూడా చప్పుడు ఉంటుందని మేము ఎగతాళి చేసేవాళ్లం. చక్కెర జబ్బు ఉంది. మధ్యాహ్నం ఇన్సులిన్ సూది వేసుకొని వెంటనే తినాలి. తినకపోతే చక్కెర దిగిపోతుంది. అది ల్యాబులో అందరికీ తెలుసు, ముదలాళికీ తెలుసు.

ఆ పొద్దు మంచి ఎండ. ఒక మిక్సీ కంపెనీ నుంచి మనిషి వచ్చి ఉన్నాడు. మామ సూది వేసుకొని టిఫిన్ డబ్బా తెరవబోతుంటే ముదలాళి కేకేసినాడు, మైకు కొంచెం వంగింది, ఒక్క నిమిషం సరిచేసి పో అని. మామ డబ్బా మూసి లేచి పోయినాడు. ఇదంతా తర్వాత మామ చెప్పిందే. నేను అప్పుడు వెనక గదిలో వేరే పంపు చూస్తున్నాను.

మామ లోపల, మిక్సీ బల్ల వెనక వంగి ఉన్నాడు. ముదలాళి ఫోనులో మాట్లాడుతూ వచ్చి, మూసే మీట నొక్కి, ఆ కంపెనీ మనిషిని భోజనానికి పిలుచుకొని కారెక్కి వెళ్లిపోయినాడు. లోపలికి తొంగి చూడలేదు. మేము ఆ గదిలోకి పోయేముందు చెప్పులు బయట విడుస్తాము. మామ చెప్పులు తలుపు ముందే ఉన్నాయి. ఆ చెప్పుల పక్కనే నిలబడి మీట నొక్కినాడు మహానుభావుడు.

లోపలి నుంచి తెరవడానికి ఒక పిడి ఉంది. గట్టి మనిషి రెండు చేతులతో లాగితే కదులుతుంది. చక్కెర దిగిపోతూ చేతులు వణికేవాడు ఏం లాగుతాడు?

నేను పంపు పని ముగించుకొని వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. మామ తినేసి ఎక్కడో కబుర్లు చెబుతున్నాడనుకున్నాను. పెరుగన్నం కలుపుకుంటున్నాను. మేరీ నేల తుడుస్తోంది. భోజనాల వేళ మిషన్లన్నీ ఆపి ఉన్నాయి, ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

అప్పుడు గంట మోగింది.

ఒక్కసారి కొట్టి ఊరుకోలేదు. పాతకాలం బడిగంట మాదిరి ఆగకుండా, చెవులు చిల్లులు పడేట్టు మోగింది. మేరీ చేతిలో గుడ్డ జారిపోయింది. "ఏసయ్యా, దానికి తీగ లేదు కదమ్మా!" అనింది. నేను ఎంగిలి చేత్తోనే లేచి పోయి డబ్బా మీద చెయ్యి పెట్టినాను. అదురుతా ఉంది. టేపు చుట్టిన కొనలు నా మోచేతికి తగులుతూ ఊగుతున్నాయి. మేరీ గొడుగు కిందపడింది.

గొడుగు పడిన చోట చూస్తే మామ చెప్పులు.

నేను తెరిచే మీట మీదకి దూకినాను. మీట నొక్కగానే గంట ఆగిపోయింది. తలుపు మెల్లగా తెరుచుకునేసరికి నా ప్రాణం పోయి వచ్చింది. మామ తలుపు పక్కనే గోడకి ఆనుకొని కూలబడి ఉన్నాడు. చొక్కా నీళ్లలో ముంచినట్టు తడిసిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి, నన్ను గుర్తుపట్టలేదు. మేరీ పరుగెత్తి టీ చక్కెర డబ్బా తెచ్చింది. ఇద్దరం నోట్లో పోసి, నీళ్లు తాగించి, ఆటోలో ఆసుపత్రికి ఎక్కించినాము. ఇంకొంచెం ఆలస్యమయ్యుంటే మనిషి దక్కేవాడు కాడని డాక్టరు చెప్పినాడు.

మామకి మాట వచ్చినాక నేను అడిగిన మొదటి మాట, గంట ఎట్ల మోగించినావని.

"ఏ గంట?" అన్నాడు. లోపల ఉన్నవాడికి గంట వినబడదు కదా, ఆయనకేం తెలుసు. అరిచినాడట, తన అరుపు తనకే సరిగ్గా వినబడలేదట. అలవాటు కొద్దీ చెయ్యి ఎర్ర మీట కోసం పోయిందట. చేతికి రాగి రేకు తగిలిందట. "మీట పీకేసినారని అప్పుడు జ్ఞాపకం వచ్చింది అమ్మిణీ. ఆ రేకు మీద చెయ్యి ఆనించుకొని కూర్చున్నా, అంతే" అన్నాడు.

నేను ఇంజనీరుని. ఆ సాయంత్రమే ల్యాబుకి తిరిగొచ్చి మీటరు పెట్టి చూసినాను. కోసిన కొనల్లో కరెంటు లేదు. ఫ్యూజు ముదలాళి సొరుగులోనే ఉంది. ఆకాశంలో మబ్బు కూడా లేదు, ఏ పిడుగో అనుకోవడానికి. భ్రమ అంటారా? మేరీ విన్నది, గేటు దగ్గర వాచ్‌మన్ విన్నాడు. పక్క ఫ్యాక్టరీ గంట ఇంత ముందుగా కొట్టినారేమా అనుకున్నాడట.

ఇంతవరకూ ఆశ్చర్యం. ఇంక నా కోపం సంగతి వినండి.

ముదలాళి భోజనం చేసి బీడా నములుతూ వచ్చినాడు. మేరీ జరిగింది చెప్పింది. తలుపు మూసింది తానే అని ఒక్క మాట అనలేదు. మామ ఎట్ల ఉన్నాడని ఆసుపత్రికి ఫోను చేయలేదు. పూలంగడికి మనిషిని పంపించి మాల తెప్పించి, ఆ గంట డబ్బాకి వేసి, గంధం కుంకుమ పెట్టి కర్పూరం వెలిగించినాడు. దాన్ని ఎవరూ తాకకూడదన్నాడు. మరుసటి రోజే దాని చుట్టూ అద్దాల పెట్టె కట్టించి తాళం వేసినాడు.

నేను పోయి అడిగినాను. మళ్లీ తీగ వేయండి, మీట పెట్టండి, మనిషి చచ్చి బతికినాడు అని.

"దానికి తీగ ఏమిటికి అమ్మిణీ? తీగ లేకుండానే మోగింది కదా. ఈ గది మీద దైవం చెయ్యి ఉంది" అన్నాడు, నాకేదో శుభవార్త చెప్పినట్టు.

అంతటితో ఆగలేదు. వచ్చిన ప్రతి కస్టమరుకీ ఆ గంటని చూపించి కథ చెప్పేవాడు. వాళ్లు దండం పెట్టుకొని పోయేవాళ్లు. కథలో మామ చక్కెర ఉండేది కాదు, బయటి చెప్పులు ఉండేవి కావు, కోసిన తీగ మాత్రం ఉండేది, మహిమకి సాక్ష్యంగా! తీగ కోసిన చేతులే దండం పెడుతుంటే నేను పక్కన నిలబడి పళ్లు కొరుక్కోవాలి. నేను గట్టిగా మాట్లాడితే, సామి సంగతిలో తల దూర్చకమ్మా అని ఆఫీసులో వాళ్లే నన్ను గదిమేవాళ్లు. ఒక పొద్దు ఇంటికొచ్చి మా ఆయన మీద అరిచి, అన్నం గిన్నె విసిరి, ఏడ్చినాను.

మామ కోలుకున్నాడు. పనికి రమ్మని కబురొచ్చింది. మామ పోతానన్నాడు, ఆ పని తప్ప ఆయనకి వేరే తెలీదు. మళ్లీ అదే గది, అదే తలుపు.

ఆ పొద్దు మామ ఒక్కడే రాలేదు. సరోజత్త కూడా వచ్చింది. సరోజత్త అంటే మామ పెళ్లాం. వారానికి మూడు గుళ్లు తిరిగే మనిషి, సాంబ్రాణి పొగ లేకుండా పొద్దు గడవదు. నేరుగా వరండాకి వచ్చింది. మాల వేసిన గంటకి దండం పెట్టింది. పోయింది పో, ఈమె కూడా ముదలాళి మాదిరే అనుకున్నాను. తర్వాత ఆ ఉక్కు తలుపు దగ్గరికి పోయి, గడప మీద చీర సర్దుకొని కూర్చుంది. టిఫిన్ క్యారియర్ ఒళ్లో పెట్టుకుంది. మనిషి అడ్డంగా ఉంటే తలుపు మూయడం ఎట్ల?

ముదలాళి పరుగెత్తుకొని వచ్చినాడు. హాల్లో కస్టమరు కాచుకొని ఉన్నాడు.

"అక్కా, లేవండి. ఈడ పని ఉంది."

"తీగ పెట్టండి అన్నా, లేస్తా."

"మీ ఆయనని కాపాడింది ఆ సామే కదా అక్కా. మీరే నమ్మకపోతే ఎట్ల?"

సరోజత్త గొంతు పెంచలేదు. నేనైతే నానా మాటలూ అనుండేదాన్ని.

"నమ్మకుండా ఏమి అన్నా. మోగించింది కాలం చేసిన మా అత్తో, ఏ సామో, నాకూ తెలీదు, మీకూ తెలీదు. ఎవురైనా కానీ, ఒక్కతూరి వచ్చినారు. మీ గది ముందర రోజూ కాపలా కూర్చునేదేనా వాళ్లకి పని? రెండోతూరి కూడా వాళ్లే రావాలంటే, ఇంతమంది మనుషులం మనమేమిటికి?"

   ఇన్ని వారాలుగా నేను సామి లేడు, దయ్యం లేదు, మహిమ లేదు అని అరిచినాను, ఒక్కరూ వినలేదు. ఉందనే మనిషి వచ్చి గడప మీద కూర్చుంటే ముదలాళి ఫోను తీసి ఎలక్ట్రీషియన్ని పిలిచినాడు.

 అతను వచ్చేదాకా, వచ్చి పని ముగించేదాకా సరోజత్త లేవలేదు. మధ్యలో అక్కడే క్యారియర్ విప్పి మామకి సాంబారన్నం పెట్టింది. కొత్త తీగ, కొత్త మీట, కొత్త ఫిల్టరు, కొత్త గంట. తలుపు మూసి కొలత తీసినాను. చిన్న తేడా కూడా లేదు. గది కారడం లేదు. ఆ కాగితం ముదలాళి బల్ల మీద పెట్టినాను. చూసి పక్కకి జరిపినాడు, అంతే.

కొత్త గంట కోసం పాత డబ్బా తీయాల్సి వచ్చింది. ముదలాళి తనే అద్దాల పెట్టె తాళం తీసినాడు, పూజగదిలో పెట్టుకుంటానని. గోడ నుంచి ఊడదీసి, దుమ్ము దులుపుదామని ఎలక్ట్రీషియను మూత విప్పినాడు. నేను పక్కనే ఉన్నాను. మేరీ ఉంది.

డబ్బా లోపల మట్టి. మట్టితో గూళ్లు కట్టే పురుగు ఉంటుంది చూడండి, కిటికీ మూలల్లో కడుతుంది, అది దూరి గూడు కట్టింది. గంట గిన్నెకీ కొట్టే సుత్తికీ మధ్య సందంతా నింపేసింది. ఆ మట్టి ఎండి రాయి మాదిరి అయింది. పురుగులు ఎప్పుడో ఎగిరిపోయి బొక్కలు మిగిలినాయి. ఎక్కడా పగులు లేదు. సుత్తిని వేలితో నెట్టి చూసినాను, కదల్లేదు. ఎలక్ట్రీషియను స్క్రూడ్రైవరుతో పొడిచి పొడిచి పెళ్లలు ఊడగొట్టినాడు.

నాకు తెలిసిన అన్ని విధాలా ఆలోచించినాను. గంట మోగిన తర్వాత వచ్చి కట్టిందా? పెట్టెకి సందు లేదు, అద్దం లోపల మాల పూలు కూడా ఎండి అట్లనే ఉన్నాయి. ముందే ఉంటే, ఆ సుత్తి ఎట్ల కొట్టింది? తీగ ఉండి కరెంటు ఉన్నా అది మోగే గంట కాదు. కానీ నా అరచేతి కింద అది అదిరింది. ఇప్పటికీ చెయ్యి పెట్టి చెప్పగలను. ఇంతవరకూ ఎవరూ నాకు సరైన జవాబు చెప్పలేదు, నాకూ దొరకలేదు.

ముదలాళి ఆ మట్టి పెళ్లలు కూడా గుడ్డలో మూట కట్టుకొని పోయినాడు. తీసుకొనిపోనీ.

మామ ఇప్పటికీ పనికి వస్తున్నాడు. ఆయన తిన్నాకే గదిలోకి పంపిస్తాను, ముదలాళి పిలిచినా సరే. ప్రతి పొద్దున నేనే లోపలికి పోయి ఆ కొత్త ఎర్ర మీట నొక్కుతాను. మేరీ వరండాలో నిలబడి, మోగింది అని చెయ్యి ఊపుతుంది. ఇది ఎందుకు మోగుతుందో నాకు తెలుసు. ఆ పొద్దు అది ఎందుకు మోగిందో తెలీదు. తెలీదని ఎవరి ముందైనా ఒప్పుకుంటాను. దండం మాత్రం పెట్టను.